వంతు మీద వంతు

మూడో రోజు పడమర బోదెకు నీళ్లు రాలేదని మా పెద్దమ్మ రావమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను బెజవాడలో, ఒక కోచింగ్ కాలేజీ మూడో అంతస్తులో, తొంభై మంది పిల్లలకు ద్విపద సిద్ధాంతం చెబుతున్నాను. క్లాసులో ఫోన్ ఎత్తకూడదని రూలు. ఎత్తాను.

"ఏమే భానూ, నీ కాయితంలో ఇయ్యాల మాదే గదే?" అంది. పలకరింపూ లేదు, పాడూ లేదు.

"అవును పెద్దమ్మా. నిన్నా ఇవాళా రెండు రోజులూ పడమరవే."

"అయితే తూము తలుపు తూర్పుకెందుకు తిరిగుంది?"

నా చేతిలో సుద్దముక్క రెండైంది. నాకు ముక్కు మీద కోపం అని ఊరంతా అంటారు. అననీ. అందరికీ ఉండాల్సినంత కోపం లేకపోబట్టే ఈ లోకం ఇలా ఉందని నా నమ్మకం. పిల్లల్ని పుస్తకంలో లెక్కలు చేసుకోమని చెప్పి బ్యాగు తీసుకుని బయటికొచ్చాను. వరండాలో వైస్ ప్రిన్సిపాల్ ఎదురొచ్చి, "ఎవరన్నా పోయారా మేడం?" అని అడిగాడు. "ఇంకా లేదండీ" అని మెట్లు దిగాను.

బందరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కంకిపాడు దాటేదాకా నా ఒళ్లు మండుతూనే ఉంది. ఎందుకంత మంటో చెప్పాలంటే ఆ తూము సంగతి ముందు చెప్పాలి.

మా పెద్దమ్మకు పామర్రు అవతల ఒక ఊళ్లో మూడెకరాల పొలం ఉంది. పెదనాన్న పోయి పదేళ్లయింది. అప్పటినుంచీ ఆవిడే దున్నిస్తుంది, నాటిస్తుంది, కోయిస్తుంది. కాలువ నుంచి వచ్చే నీళ్లు ఊరి పైన ఒక తూము దగ్గర రెండు బోదెలుగా చీలి పొలాల్లోకి పోతాయి. ఒకటి తూర్పు బోదె, ఒకటి పడమర బోదె. నీళ్లు దండిగా ఉన్న ఏడు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి, ఎవరికీ ఎవరితోనూ పేచీ ఉండదు. నీళ్లు తక్కువైన ఏడు వంతు పెడతారు. ఈమధ్య వంతు పెట్టని ఏడు లేదు. వానాకాలపు సార్వా చేను ఇంకా కంకి బయటికి రాక పొట్ట మీద ఉన్న సమయానికి కాలువకు ఎనిమిది రోజులు నీళ్లు వదిలి కట్టేస్తారు. ఆ ఎనిమిది రోజులూ ఒక రోజు తూర్పుకు, ఒక రోజు పడమరకు. పొద్దున ఆరింటికి కాలువ లస్కరు వచ్చి తలుపు తిప్పుతాడు. చెరి నాలుగు రోజులు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి.

ఆ న్యాయమే నలభై ఏళ్లుగా పడమర పొలాలను ఎండబెడుతోంది. నీళ్లు వదిలిన మొదటి రోజు కాలువ నిండుగా పారుతుంది. తర్వాత రోజు రోజుకూ తగ్గుతుంది. తూము దగ్గర నీటి ఎత్తు చూపే గేజి రాయి మీద మొదటి రోజు ఎనిమిది గీతలుంటే, రెండో రోజు ఏడు, మూడో రోజు ఆరు, అలా ఎనిమిదో రోజుకు ఒకటి. మొదటి వంతు ఎప్పుడూ తూర్పుదే. ఎందుకంటే ఎప్పుడూ తూర్పుదే కాబట్టి. అంతకు మించిన కారణం నాకు ఎవరూ చెప్పలేదు. కూడి చూసుకోండి. తూర్పుకు ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు, మొత్తం ఇరవై. పడమరకు ఏడు, అయిదు, మూడు, ఒకటి, మొత్తం పదహారు. నాలుగు గీతలే కదా తేడా అనిపిస్తుంది. కానీ పడమర బోదెకు ఆ చివర, శివారులో ఉన్న మా పెద్దమ్మ మూడెకరాల దాకా పారాల్సిన నీళ్లు ఆ నాలుగు గీతలే. పొట్ట మీద తడి తప్పితే కంకి పైకొస్తుంది గానీ గింజ పాలు పోసుకోదు. కోత కోసి నూర్చాక తాలు మిగులుతుంది.

ఇప్పుడు నా సంగతి. నా పీహెచ్‌డీ అనంత పదాల మీద. ఇక్కడ పదం అంటే అర్థమున్న మాట కాదు, అక్షరాల వరస, అంతే. రెండే అక్షరాలు తీసుకోండి. త, ప. ఒకటే నియమం: త ఉన్నచోట తప అని రాయాలి, ప ఉన్నచోట పత అని రాయాలి. ఇలాంటి నియమాన్ని మార్ఫిజం అంటాం. త తో మొదలుపెడితే తప వస్తుంది. దానికి మళ్లీ అదే నియమం వాడితే తపపత. మళ్లీ వాడితే తపపతపతతప. ముందు రాసింది చెరిగిపోదు, కొత్తది దాని వెనకే చేరుతుంది. అలా అంతులేకుండా పెరుగుతూనే ఉంటుంది. ఎంత దూరం పోయినా ఏ ముక్కా వెంటవెంటనే మూడుసార్లు రాదు. ఎన్నటికీ పాత పాట మొదటికొచ్చి పాడదు. నూరేళ్లు దాటింది నార్వేలో ఒకాయన దీని మీద రాసి. నేను ఆరేళ్లు దీనితోనే పడుకున్నాను, దీనితోనే లేచాను.

ఆ ఆరేళ్లూ, ఆ తర్వాత ఏడేళ్లూ, పలకరించిన ప్రతివాడూ ఒకటే అడిగాడు: దీని వల్ల ఉపయోగం ఏంటి? పెళ్లిచూపులకొచ్చినవాడు అడిగాడు. ఉద్యోగం ఇచ్చినవాడు అడిగాడు. గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు అద్దెకిచ్చే ఆయన కూడా అడిగాడు. సినిమాకెళ్లేటప్పుడు ఎవడూ అడగడు, క్రికెట్ చూసేటప్పుడు ఎవడూ అడగడు. మా పెద్దమ్మ ఒక్కతే అడగలేదు. "కష్టమైన లెక్కేనా?" అంది. "కష్టమైనదే" అన్నాను. "అయితే మంచిదే" అంది.

పోయిన నెల ఆవిడ ఫోన్లో వంతుల గోల చెబుతుంటే నాకు చటుక్కున తట్టింది. త అంటే తూర్పు, ప అంటే పడమర. తగ్గిపోయే సరుకును ఇద్దరు వంతులేసుకుని పంచుకోవాలంటే నా పదం కన్నా సరైన వరస లేదు. తూర్పు, పడమర, పడమర, తూర్పు, పడమర, తూర్పు, తూర్పు, పడమర. తూర్పుకు ఎనిమిది, అయిదు, మూడు, రెండు, పద్దెనిమిది. పడమరకు ఏడు, ఆరు, నాలుగు, ఒకటి, పద్దెనిమిది. ఆ రాత ముందు కూర్చుని నేను ఏడ్చానంటే నవ్వుకోండి.

నీళ్లు వదలడానికి పది రోజుల ముందు నీటి సంఘం మీటింగు పెట్టించాం. సంఘం అధ్యక్షుడు వెంకటకృష్ణారావు గారి రైసుమిల్లు షెడ్డులోనే. ఆయనకు తూర్పు బోదె కింద ముప్ఫై ఎకరాలుంది, వరసకు నాకు బాబాయి అవుతాడు. లాప్‌టాప్ తీసుకెళ్లాను. తెర కట్టించాను. ముందు మామిడిపళ్లతో మొదలుపెట్టాను. రసాల బుట్ట ముందు ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. పెద్దవాడు అన్నిటికన్నా పెద్ద పండు తీసుకున్నాడు, చిన్నవాడు దాని తర్వాతది తీసుకున్నాడు. మళ్లీ పెద్దవాడే తీస్తే ప్రతిసారీ వాడిదే పైచెయ్యి. అందుకని చిన్నవాడు వరసగా రెండు తీసుకోవాలి. షెడ్డులో ఆడవాళ్లు ముందు తలలూపారు. ఇంట్లో పళ్లు పంచేది వాళ్లే కదా.

పెద్దమ్మ లేచి ఒక్కటే అడిగింది. "ఈ ఎనిమిది రోజులూ అయిపోయినాక, వచ్చే ఏడు మళ్లీ మొదట్నుంచా?"

"కాదు పెద్దమ్మా. ఇది అయిపోయే వరస కాదు. ఆగినచోటు నుంచే సాగాలి" అని తొమ్మిదో అక్షరం నుంచి బోర్డు మీద రాశాను. పతతపతపపత.

"అంటే వచ్చే ఏడు మొదటి వంతు పడమరదా?"

"మీదే."

పడమర బోదెకు మొదటి వంతు రావడం ఆ ఊళ్లో బతికున్నవాళ్లెవరూ ఎరగరు. పెద్దమ్మ కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. బాబాయి నవ్వాడు. "లెక్కంటే లెక్కే. కాకపోతే అమ్మాయ్, ఒకళ్లకే రెండు రోజులు వరసగా ఇవ్వడం మన దగ్గర లేదు. ఏదన్నా కాస్త సర్దుకోవచ్చా?" అన్నాడు.

నేను నిటారుగా నిలబడి, "ఒక్క అక్షరం మార్చినా మొత్తం పోతుంది బాబాయిగారూ. ఇది సర్దుబాటు కాదు, సిద్ధాంతం" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాటన్నందుకు నా నాలుక కోసుకోవాలి.

పామర్రులో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని తూము దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. నీళ్లు తూర్పు బోదెలోకి గలగలమని పోతున్నాయి. పడమర బోదెలో నిన్నటి తడి మీద కొంగలు నడుస్తున్నాయి. లస్కరు అంతోని గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్లుగా ఆ తలుపు తిప్పుతున్నాడు, ఇప్పటికీ ఏడాదికోసారి రెన్యువల్ చేసే కాంట్రాక్టు ఉద్యోగమే. నన్ను చూసి లేచాడు. తూము గోడకు నా లిస్టు ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. నేను కాలేజీలో ప్రింటు తీయించి, ల్యామినేషన్ వద్దు కవరు చాలనుకుని పెట్టించిన లిస్టు. మూడో రోజు ఎదురుగా ఉన్న పడమరను ఎర్ర బాల్‌పెన్నుతో కొట్టేసి తూర్పు అని రాసి ఉంది. నాలుగో రోజు ఎదురుగా ఉన్న తూర్పును కొట్టేసి పడమర అని రాసి ఉంది. అయిదూ ఆరూ రోజులు కూడా అలాగే తారుమారు చేసి ఉన్నాయి.

"ఇది ఎవరు దిద్దారు?"

"నేనేనండి" అన్నాడు అంతోని, మంచి పని చేసినవాడి మొహం పెట్టి.

"ఎవరు దిద్దమన్నారు?"

"ఎవరూ అనలేదండి. రెండో రోజు పడమర, మూడో రోజూ పడమర అని పడిందండి. వంతు మీద వంతు ఎక్కడన్నా ఉంటదాండి? మూడూ నాలుగూ, అయిదూ ఆరూ తారుమారైనయ్యి అనుకున్నా. మీరు బెజవాడ నుంచి కష్టపడి కొట్టించుకొచ్చారు. నలుగురూ చూసి నవ్వుతారని, మీ పరువు పోద్దని, నేనే సరిచేశానండి."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా కోపమంతా ఆయన మీద పడింది. ఏమేం అన్నానో అన్నీ రాయలేను. చదువులేదా అన్నాను. కళ్లు లేవా అన్నాను. నీ ముప్ఫై ఏళ్ల అలవాటు కోసం మా పెద్దమ్మ చేను ఎండాలా అన్నాను. గొడుగు మూసి చంకలో పెట్టుకుని తల వంచుకుని అన్నీ విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "మీటింగుకి నన్ను పిలవలేదండి" అన్నాడు.

నిజమే. అధ్యక్షుణ్ని పిలిచాం, సెక్రటరీని పిలిచాం, ఇంజనీరు గారికి కూల్‌డ్రింకు ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాం. తలుపు తిప్పే మనిషిని పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆ మాటకు ఇంకా కోపమొచ్చి, మిల్లు వైపు నడిచాను.

బాబాయి మిల్లు ముందు కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. నాకూ ఒక గ్లాసు తెప్పించాడు. జరిగింది చెబుతుంటే పాపం పాపం అంటూ విన్నాడు. పొద్దున్నే ఆ తూము మీదుగానే మోటార్ సైకిల్ మీద మిల్లుకొచ్చిన మనిషి, తన బోదెలో నీళ్లు చూడలేదంటే నేను నమ్మాలి.

"ఆ అంతోనిగాడు వట్టి అమాయకుడమ్మాయ్. వాడు దిద్దింది శుద్ధ తప్పు. నేను ఒప్పుకోను. రేపట్నుంచి నీ లిస్టు నీ లిస్టే. అక్షరం పొల్లు పోకూడదు."

"అంటే?"

"అంటే ఏముంది. నాలుగో రోజు నీ లిస్టులో ఎవరిది?"

తూర్పుది. నాకు అప్పుడర్థమైంది. మూడో రోజు అంతోని పొరపాటు వల్ల తూర్పుకు పోయింది. నాలుగో రోజు నా లిస్టు ప్రకారం తూర్పుకే పోతుంది. ఆరూ ఏడూ రోజులు కూడా నా లిస్టు ప్రకారం తూర్పువే. వేళ్ల మీదే కూడాను. తూర్పుకు ఇరవై నాలుగు, పడమరకు పన్నెండు. సరిగ్గా సగం. పాత వంతే నయం, పదహారన్నా వచ్చేవి.

"బాబాయిగారూ, ఒక రోజు తప్పాక ఇక ఆ లిస్టు పనికిరాదు. మళ్లీ వెయ్యాలి."

"అదేంటమ్మా. ఒక్క అక్షరం మార్చినా మొత్తం పోద్దని నువ్వే గదా అన్నావు, ఇక్కడే, ఈ షెడ్డులోనే. నీ లెక్క మీద నాకున్న నమ్మకం నీకు లేదా ఏంటి?"

నక్క వినయాలు నేను పుస్తకాల్లో చదివాను. ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతూ చూడ్డం అదే మొదటిసారి. చేతిలో గ్లాసు ఆయన మొహాన పోయకుండా కింద పెట్టాను. ఈ రోజుకి మార్చడం కుదరదనీ, వంతు మధ్యలో తలుపు తిప్పితే తలలు పగులుతాయనీ, రేపు ఆరింటికి తూము దగ్గర మాట్లాడుకుందామనీ చెప్పి పంపించాడు.

పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, బ్యాగులో ఉన్న పిల్లల స్లిప్ టెస్టు కాగితం వెనక కొత్త లెక్క వేశాను. ఇప్పటికి తూర్పుకు ఎనిమిదీ ఆరూ, పద్నాలుగు అందాయి. పడమరకు ఏడే. మిగిలినవి అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. పడమరకు పద్దెనిమిది కావాలంటే ఇంకో పదకొండు రావాలి. అయిదు, నాలుగు, రెండు. అంటే నాలుగు, అయిదు, ఏడు రోజులు పడమరకు. ఆరు, ఎనిమిది తూర్పుకు. ఆరో తరగతి పిల్లవాడు వేసే కూడిక. మార్ఫిజం లేదు, అనంతం లేదు. అందమైన లెక్క ఎక్కడ నిలబడగలదో, ఎక్కడ నిలబడలేదో నాకు ఆ అరుగు మీద తెలిసొచ్చింది. పెద్దమ్మ కాగితం చూసి, "వచ్చే ఏడు వరస మారదు గదా?" అంది. "అది మారదు పెద్దమ్మా, మొదటి వంతు నీదే" అన్నాను.

నాలుగో రోజు పొద్దున ఆరు కాకముందే పడమర బోదె రైతులు ముప్ఫై మంది పారలు పట్టుకుని తూము గట్టు మీద నిలబడ్డారు. పెద్దమ్మ లేదు. నీళ్లు వస్తే మడికి మడవ తెరిచి పట్టుకోవాలి కదా, ఆవిడ చీకటితోనే శివారు పొలానికి వెళ్లిపోయింది. అంతోని చక్రం మీద చెయ్యి వేసి, ఎటు తిప్పాలో తెలియక నా మొహమూ అధ్యక్షుడి మొహమూ మార్చి మార్చి చూస్తున్నాడు. బాబాయి మోటార్ సైకిల్ దిగాడు. చంకలో సంఘం మినిట్సు పుస్తకం ఉంది.

నేను నా కాగితం ఇచ్చాను. చదివాడు. "బానే ఉందమ్మాయ్. ఇయ్యాలా రేపూ పడమరకే ఇచ్చేద్దాం" అన్నాడు.

నేను తెల్లబోయాను. నా వెనక పారలు నేలకు దిగిన చప్పుడైంది.

"కాకపోతే తూర్పోళ్లు రేపు నన్ను నిలేస్తారు. లిస్టు ఎందుకు మార్చావంటే ఏం చెప్పాలి? ఒకటి రాద్దాం. అంతోని దిద్దాడు గనక మార్చాం అని రాద్దామా? రాస్తే ఆ కాయితం పై ఆఫీసుకి పోద్ది. వాడి రెన్యువల్ ఈ నెల్లోనే. లేదంటే లిస్టే తప్పని రాద్దాం. నువ్వు సంతకం పెడితే ఎవడూ మాట్లాడడు. నీ ఇష్టం."

పుస్తకం తెరిచాడు. రాసే తెచ్చాడు. రాత్రి కూర్చుని రాయించి ఉంటాడు, గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. 'గణిత లెక్చరర్ కుమారి భానుశ్రీ గారు తాము ఇచ్చిన వంతుల జాబితా తప్పని, ఒకే బోదెకు వరుసగా రెండు రోజులు ఇచ్చే పద్ధతి సరైనది కాదని ఒప్పుకున్నందున, ఈ ఒక్క ఏడాదికి మాత్రం వారి కొత్త లెక్క ప్రకారం నీరు ఇచ్చి, వచ్చే ఏడాది నుంచి పూర్వపు పద్ధతినే కొనసాగించుటకు తీర్మానించడమైనది.'

చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. చివరి ముక్క కూడా చదివాను. అంతోని నా వైపు చూడ్డం మానేసి చక్రం వైపు చూస్తున్నాడు. నిన్న నేను తిట్టిన తిట్లన్నీ ఆయన మెడ వంపులో కనిపిస్తున్నాయి. నీళ్లు ఇంకా తూర్పుకే పోతున్నాయి. మేం మాట్లాడుకునే ప్రతి నిమిషమూ తూర్పుకే పోతున్నాయి. పెద్దమ్మ శివారులో పార పట్టుకుని నిలబడి ఉంది. నాకు లోపల్నుంచి మంట లేస్తోంది. ఈ దగుల్బాజీ మనిషి ముందు నా ఆరేళ్ల చదువు తప్పని రాసివ్వాలా అని. తర్వాత, పోతే పోయేది నా గర్వమే కదా అనుకున్నాను. నా థీసిస్ ప్రపంచంలో పది మంది చదివి ఉంటారు. పదకొండోవాడు తప్పంటే ఏం పోయింది? గొప్ప త్యాగం చేస్తున్నాననే అనుకున్నాను.

సంతకం పెట్టాను. "మరి నీ చదువు తప్పేనన్నమాట" అన్నాడు బాబాయి, అందరికీ వినపడేట్టు. "తప్పే" అన్నాను. అంతోని చక్రం తిప్పాడు. పడమర బోదెలోకి నీళ్లు దూకాయి. రైతులు గట్ల వెంబడి ఎవరి పొలాలకు వాళ్లు పరుగెత్తారు. నేను మినిట్సు పేజీని ఫోన్లో ఫోటో తీసుకున్నాను. రుజువు ఉండాలి కదా, రేపు కూడా పడమరకే అని.

శివారుకు రెండు కిలోమీటర్లు. నీళ్లు నాకన్నా ముందే చేరాయి. పెద్దమ్మ మోకాళ్ల దాకా చీర ఎగదోపుకుని మడవ దగ్గర మట్టి తీస్తోంది. నెర్రెలిచ్చిన నేల నీళ్లు తాగుతుంటే బుడబుడమని చప్పుడవుతోంది. పొట్ట మీదున్న చేను ఆకుపచ్చగా, చివర్లు మాత్రం ఎర్రబడి ఉంది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే అంతే. ఆవిడ నన్ను చూసి నవ్వింది. అంత బాగా నవ్వడం పెదనాన్న పోయాక నేను చూడలేదు.

"ఎట్టా ఒప్పుకున్నాడే?"

చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. ఫోన్లో ఫోటో చూపించాను. కళ్లజోడు తెచ్చుకోలేదు, చదవమంది. చదివాను.

"ఆ ఆఖరి ముక్క మళ్లీ చదువు."

"'వచ్చే ఏడాది నుంచి పూర్వపు పద్ధతినే కొనసాగించుటకు...'"

పార ఆగింది. "వచ్చే ఏడు మొదటి వంతు మాదన్నావు."

"అన్నాను పెద్దమ్మా. కానీ ఇవాళ నీళ్లు రాకపోతే నీ పంట..."

"ఒక పంట పోయేది. పంట పోడం నాకు కొత్తా? మొగుడు పోయిన ఏడు కూడా పోయింది. నలభై ఏళ్లకి మొదటిసారి ముందు మేం తడుపుకుంటామని నేను పడమరోళ్లందరికీ చెప్పుకున్నా."

"అంతోని ఉద్యోగం పోయేది."

"అంతోని కోసం పోట్లాడ్డానికి ముప్ఫై మంది పారలు పట్టుకుని నీ వెనకే నిలబడ్డారు. వాళ్లని ఒక్క మాట అడిగావా?"

అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఆనాడు అంతోనిని మీటింగుకు పిలవాలని తోచనట్టే.

"నా లెక్క తప్పని నేనే ఒప్పుకున్నాను. పోయింది నా పరువే కదా పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"నీ లెక్కా?" పెద్దమ్మ నడుం నిలబెట్టి నా కళ్లలోకి చూసింది. "ఆరోజు మిల్లులో అందరి ముందూ మాకిచ్చావు. ఇచ్చినాక అది మాది. మాదాన్ని తప్పని నువ్వెట్టా రాసిచ్చావే? వచ్చే ఏడు నేను నోరు తెరిస్తే, మీ పిల్లే సంతకం పెట్టిందంటాడు. ఆ పై ఏడూ అదే అంటాడు. నేను పోయినాక కూడా అదే అంటారు."

నీళ్లు నా చెప్పుల్లోకి వచ్చాయి. గట్టెక్కాలని కూడా అనిపించలేదు. ఒంట్లో ఉన్న కోపమంతా ఎటు తిప్పాలో తెలియక అలాగే నిలబడ్డాను.

"నీకు కోపం ఎక్కువంటారు" అంది పెద్దమ్మ. "కండక్టర్ల మీద చూపిస్తావు, పిల్లల మీద చూపిస్తావు, నిన్న పాపం ఆ అంతోని మీద చూపించావంట. మీ బాబాయి పుస్తకం తెరిచినప్పుడు ఎక్కడికి పోయిందే ఆ కోపం?"

మొదటి మడి నిండింది. ఆవిడ పార భుజాన వేసుకుని రెండో మడవ తెరవడానికి గట్టెక్కింది.